గిద్యోనుకు గిట్టని గీత

మా గిద్యోనన్నకు బీపీ లేదు, షుగర్ లేదు, తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. కంప్యూటర్ తెర మీద ఎవరి పేరు కింద ఎర్ర గీత పడినా ఓర్చుకోలేడు. ఆ గీత పోయేదాకా కాగితం ప్రింటుకు ఇవ్వడు. కొంపకు నిప్పంటుకుందని చెప్పినా "ఉండప్పా, ఈ గీత ఒగటి తీసి వస్తా" అనే రకం.

ఆ గీత ఏమిటో తెలియని వాళ్ళకు చెప్తాను. ఇంగ్లీషులో టైపు కొడుతున్నప్పుడు కంప్యూటర్‌కు తెలియని మాట వస్తే, దాని కింద ఎర్రగా వంకర గీత ఒకటి పాకుతుంది. తప్పు కొట్టావేమో చూసుకో అని దాని భావం. అది తెర మీదే గాని కాగితం మీద పడదు. ఈ సంగతి నాకు తెలుసు, ఊరందరికీ తెలుసు, గిద్యోనన్నకు మా అందరికంటే బాగా తెలుసు.

"కాగితం మీద పడదు కదన్నా, వదిలేసి ప్రింటు కొట్టు" అని నేను మొత్తుకునేదాన్ని.

"ఆ పేరుగలాయప్ప ఎదురుగా కూచోనుండాడు కద రోహిణమ్మా. చూస్తాడు కదా" అనేవాడు.

బ్రూస్‌పేటలో ఆయనది బేతేలు డీటీపీ సెంటర్, పక్కనే నాది జెరాక్స్ అంగడి. మధ్యన ఒక్క గోడ. ఆయన ప్రింటు ఇస్తేనే నాకు జెరాక్స్. ఆయన గీతలు తుడుచుకుంటూ కూర్చుంటే నేను ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి. కాబట్టి నేను ఆయన్ని రోజూ తిట్టేదాన్నంటే, అందులో న్యాయం ఉంది.

పైగా అవి ఎలాంటి రోజులు! ఇనుప గనులు జోరు మీదున్న రోజులు. మట్టి తవ్వితే చాలు, ఓడలెక్కి పోతోంది. నిన్నటిదాకా శెనక్కాయలు పండించినవాడు ఈరోజు టిప్పర్లు కొంటున్నాడు. బళ్ళారిలో నడిచే మనిషి లేడు, అందరూ పరిగెత్తేవాళ్ళే. పరుగెత్తే ప్రతివాడికీ ఒక కాగితం కావాలి. పర్మిట్‌కో కాగితం, పార్ట్‌నర్‌షిప్‌కో కాగితం. అవన్నీ ఇంగ్లీషులోనే కావాలి, ఇప్పుడే కావాలి. ఊరిమీద ఎర్ర దుమ్ము. చెట్ల ఆకులు ఎరుపు, ఉతికి ఆరేసిన పంచెలు ఎరుపు, తాగే నీళ్ళ అడుగున ఎరుపు.

"ఊరే ఎర్రగా ఉంటే నీకు ఆ గీత ఒకటేనా కనబడేది?" అని అరిచేదాన్ని గోడ ఇవతలి నుంచి.

"దుమ్ము నా చేతిలో లేదమ్మా. గీత ఉండాది" అని గోడ అవతలి నుంచి జవాబు.

మా బావగారు కోదండరామి గురించి చెప్పాలి. మా ఆయన అన్న. అప్పటికి ఐదారు టిప్పర్ల ఆసామి. జీపు దిగకుండానే హారన్ కొట్టి మనుషుల్ని పిలిచే అలవాటు. ఒకరోజు అలాగే హారన్ కొట్టి, ఎవరూ బయటికి రాకపోయేసరికి తనే దిగి లోపలికి వచ్చాడు.

"ఏమప్పా గిద్యోనూ, ఆ లెటరు జల్దీ కొట్టియ్యి. హొసపేటలో సాహేబు కాచుకోనుండాడు."

గిద్యోనన్న కొట్టాడు. కోదండరామి పేరు కింద గీత పాకింది. "రెడ్డీ, స్వల్ప కూచోప్పా. నీ పేరు దీనికి తెలీదంట."

"నా పేరు తెలీదా? బళ్ళారిలో నా పేరు తెలీనోడెవడు?"

"మనుషులకు తెలుసప్పా. ఇది కొత్తగా వచ్చినాది కదా. మీ నాయన పేరేంది?"

"నా లెటర్లో మా నాయనెందుకప్పా?"

"ఎవరోళ్ళో చెప్పకపోతే ఎట్ల?"

మా ప్రాంతంలో ఏ కొత్త ఇంటికి పోయినా మొదట అడిగే మాట అదే, ఎవరోళ్ళు మీరు అని. అది చెప్పాకే చాప పరుస్తారు. గిద్యోనన్న ఆ మర్యాద కంప్యూటర్‌కు కూడా పెట్టాడు. కుర్చీలో నిటారుగా కూర్చుని, తెరవైపు చూస్తూ, పెళ్ళిళ్ళలో వియ్యంకుల్ని పరిచయం చేసినట్టు పలికాడు. "ఈయన కోదండరామి. చెన్నారెడ్డి కొడుకు. మనోడే. గుర్తు పెట్టుకో." అని మౌస్ నొక్కాడు. గీత మాయమైంది. నమ్మకం కోసం పేరు మళ్ళీ ఒకసారి కొట్టి చూపించాడు. "చూడు రెడ్డీ, తెలుసన్నాది."

మా బావగారు బయటికి వచ్చి నన్ను చూసి "వీనికి తిక్కేమన్నా ఉండాదా?" అన్నాడు. కానీ మీసం మీద చెయ్యి వేసుకుని అన్నాడు. ఆ తర్వాత కూడా తన పని వేరేచోటికి తీసుకుపోలేదు.

తీసుకుపోయినవాడు కెంచప్ప. సండూరు దగ్గర పొలం అమ్మి రెండు లారీలు కొన్నాడు. గిద్యోనన్న పరిచయాలకు కూర్చునే ఓపిక లేక, బస్టాండు దగ్గర ఇంకో సెంటర్‌కు పోయాడు. అక్కడి పిల్లోడు చురుకైనవాడు. గీత పడినచోటల్లా కంప్యూటర్ ఇచ్చిన సలహాకు సరేనని నొక్కుకుంటూ పోయాడు. మర్నాడు ఆఫీసులో గుమాస్తా కాగితం పట్టుకుని "కెచప్ ఎవరప్పా? కెచప్!" అని పిలిచాడంట. కెంచప్ప తనను కాదనుకుని మధ్యాహ్నం దాకా బెంచీ మీదే కూర్చున్నాడు.

"నన్ను చట్నీ చేసి పెట్టినాది కదన్నా!" అంటూ సాయంత్రం బేతేలు సెంటర్ మెట్లెక్కాడు. గిద్యోనన్న నవ్వలేదు. కుర్చీ తుడిచి వేశాడు. "మీ నాయన పేరు చెప్పప్పా" అన్నాడు. గోడ ఇవతల నేను మాత్రం నవ్వి నవ్వి జెరాక్స్ మిషన్ మీద వాలిపోయాను.

ఆయనకు బాగా కోపం తెప్పించేది ఒక బొత్తాం. గీత మీద నొక్కితే రెండు దారులు చూపిస్తుంది. ఒకటి, ఈ మాట చేర్చుకో అని. రెండోది, చూడనట్టు వదిలెయ్ అని. రెండోదే సులువు. మాలాంటి వాళ్ళం అందరం అదే నొక్కుతాం. ఆయన మాత్రం ఆ బొత్తాం జోలికే పోడు. "మనిషి ఎదురుగా నిల్చోనుంటే చూడనట్టు పోవాలంటనా? ఇదేం బుద్ధమ్మా, ఎవురు నేర్పినారు దీనికి?" అని తెరను కోప్పడేవాడు.

ఇంకో తమాషా. ఆయన సొంత పేరు కింద మాత్రం గీత పడదు. గిద్యోను బైబిల్లో పేరు కదా, ఆ కంప్యూటర్ చేసిన దొరలకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన పేరు. కూతురు డెబోరా పేరూ తెలుసు. ఇంకొకరైతే మురిసిపోయేవారు. ఈయన సిగ్గుపడేవాడు.

"వీధి వీధంతా బయట నిలబెట్టి నన్నొక్కణ్ణే లోపలికి రమ్మంటే ఎట్ల పోతానమ్మా?" అన్నాడు ఒకసారి.

ఆయన భార్య రూతమ్మ సద్ది గిన్నె తెచ్చినప్పుడు నేను ఎగతాళి చేశాను. "అక్కా, నీ పేరు కూడా దానికి తెలుసంట."

"యాడ తెలుసు?" అన్నాడు గిద్యోనన్న. "రూతు అంటే తెలుసంట. రూతమ్మ అంటే తెలీదంట. అమ్మా అని పిల్చే మర్యాద వాళ్ళు నేర్పలా. నేను నేర్పినా."

ఇన్నాళ్ళూ ఇదంతా నవ్వులాటే. పక్కీరమ్మ వచ్చినరోజు నుంచే అది నవ్వులాట కాకుండా పోయింది.

పక్కీరమ్మ యశ్వంతనగర్ నుంచి వచ్చింది. ముసలిది, సన్నగా, కాళ్ళ పగుళ్ళ నిండా ఎర్ర మట్టి. ఒక్కడే కొడుకు, రామసుబ్బా. అక్కడొక గనిలో లోడింగ్ పని. ఖనిజం గుట్ట జారి మీద పడింది. మట్టి తీసేసరికి ప్రాణం లేదు. కర్మ చేసుకుని ఆమె గని ఆఫీసుకు పోతే, అలాంటి పేరుగలవాడు మా దగ్గర పని చేయలేదన్నారు. ఏ గనిలో పోయాడో ఆ గని వాళ్ళే, వాడు మాకు తెలియదన్నారు.

"దుడ్డు అడగలేదప్పా నేను" అంది ఆమె గిద్యోనన్నతో. "నా కొడుకు ఈడ పని చేసినాడు అని ఒగ మాట అనమన్నా. అంతే. అదీ అనరంట. ఇంత పొడుగు కొడుకును కని సాకితే, వాడు లేనే లేడంటే నేనేం కావాలప్పా?"

నేను జెరాక్స్ ఆపి వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. గిద్యోనన్న అర్జీ కొట్టాడు. రామసుబ్బా పేరు దగ్గరికి రాగానే కింద ఎర్ర గీత పాకింది. ఆమెకు చదువు రాదు. కానీ ఎరుపు తెలుస్తుంది కదా.

"ఏందప్పా అది? ఎర్రగా?"

"ఏంలేదమ్మా. ఇంకా పరిచయం లేదు దీనికి. వాళ్ళ నాయన పేరేంది?"

"తిమ్మప్ప."

ఆరోజు ఆయన గొంతు ఎప్పటిలా లేదు. మెల్లగా, బతికున్నవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నట్టే పలికాడు. "ఈయన రామసుబ్బా. తిమ్మప్ప కొడుకు, పక్కీరమ్మ కొడుకు. యశ్వంతనగర్. మనోడే. గుర్తు పెట్టుకో." గీత పోయింది.

పక్కీరమ్మ తెరకు మొహం దగ్గరగా పెట్టి చూసింది. "తెలుసన్నాదా?"

"తెలుసన్నాదమ్మా."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆ తెరకు దండం పెట్టి పోయింది. నాకూ ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది, అది నా జబ్బు. గిద్యోనన్న మీద కారణం లేకుండా విసుక్కుని వెళ్ళి మిషన్ ఆన్ చేసుకున్నాను.

తర్వాతి వారం ఆమె మళ్ళీ వచ్చింది. వచ్చి మెట్టు మీదే కూలబడింది.

"ఆడ తెలీదన్నాదప్పా" అంది.

విషయం ఏమిటంటే, ఆ తల్లి కంప్యూటర్లన్నీ ఒకటే అనుకుంది. బ్యాంకులో ఉన్నదీ, ఆసుపత్రిలో ఉన్నదీ, గిద్యోనన్న ముందున్నదీ ఒకే మనిషి, వేరువేరు కిటికీల్లోంచి చూస్తోందని అనుకుంది. ఇక్కడ పరిచయమైనవాణ్ణి అక్కడ ఎరగనంటుందా? అందుకే గని ఆఫీసుకు పోయి గుమాస్తా ముందు ధైర్యంగా నిలబడింది. "నీ మాట నాకొద్దు, నీ కంప్యూటర్ను అడుగప్పా, దానికి నా కొడుకు తెలుసు" అంది. గుమాస్తా టైపు కొట్టి, తెర ఆమెవైపు తిప్పి చూపించాడు. పేరు కింద ఎర్ర గీత. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారంట.

"ఈడ తెలుసని, ఆడ తెలీదంటే ఎట్లప్పా? అది గూడ వాళ్ళ పక్కకే పోయినాదా?"

గిద్యోనన్న కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. నేనే నోరు తెరిచాను.

"చూసినావా నీ పిచ్చి ఎంతపని చేసిందో! గీత తీస్తే ఏమైతుందన్నా? కొడుకు తిరిగొస్తాడా? ఆ అమ్మను నలుగురిలో నవ్వులపాలు చేసినావు!"

నేనలా అరిచింది తప్పని ఇప్పటికీ అనుకోను. ఎవరో ఒకరు అరవాలి ఆరోజు. గని వాళ్ళ మీద అరవలేం, దొరికినవాడి మీద అరిచాను. ఆయన పక్కీరమ్మకు టీ తెప్పించాడు. "రెండు దినాలు ఆగమ్మా. మళ్ళా పోయి అడుగు" అని పంపించాడు.

మర్నాడు బేతేలు సెంటర్ షట్టర్ ఎత్తలేదు. ఆదివారం చర్చికి తప్ప ఏనాడూ మూయని అంగడి. నాకు బేరం పాయె. అంతటితో ఆగిందా? ఇక అప్పటినుంచి వారంలో ఏదో ఒకరోజు షట్టర్ దించి, రెంచీలు, స్క్రూడ్రైవర్లు వేసుకున్న సంచీ తగిలించుకుని బస్టాండువైపు పోయేవాడు. సాయంత్రం తలనుంచి కాలిదాకా ఎర్ర దుమ్ముతో తిరిగొచ్చేవాడు.

"ఏమన్నా, నువ్వూ గని కొన్నావా?"

"కొన్యా చెల్లీ. టిప్పర్లు రేపొస్తాండాయి."

అంతకుమించి చెప్పడు. రూతమ్మను అడిగితే "నాకేం తెలుసు రోహిణీ, బస్సులో పోయి బస్సులో వస్తాండాడు" అంది. మా బావగారు హారన్ కొట్టి కొట్టి విసిగి పోయేవాడు. నేను కూడా తిట్టి తిట్టి విసిగిపోయాను.

ఈలోగా పక్కీరమ్మ వచ్చింది. కొంగున కట్టిన వేరుశెనక్కాయలు. మొహం వెలిగిపోతోంది.

"ఆడ గూడ తెలుసన్నాదప్పా! ఆ గుమాస్తా ‘ఉండాడమ్మా, ఈడ పని చేసినాడమ్మా’ అన్నాడు. నా కొడుకు సద్ది డబ్బా గూడ తెచ్చి చేతికిచ్చినాడు."

గని ఆసామికి దేవుడు మంచి బుద్ధి ఇచ్చాడులే అనుకున్నాను నేను. గిద్యోనన్న ఒక శెనక్కాయ వొలుచుకుని, "మంచిదమ్మా" అన్నాడు. అంతే. మళ్ళీ తెరలోకి తల దూర్చేశాడు.

ఆ ఏడు వానలు పడే ముందు ఒకనాటి ఉదయం, షట్టర్ ఎత్తి, మానిటర్ మీద దుమ్ము తుడుస్తూ కుర్చీలో అలాగే వాలిపోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. నేను గోడమీద కొట్టి "అన్నా, ప్రింటు యాడ?" అని అరిచాను. జవాబు రాలేదు. అంతకుముందు నా అరుపుకు ఆ గోడ అవతలి నుంచి జవాబు రాని రోజు లేదు. లేచి పోయి చూశాను. తుడిచే గుడ్డ ఇంకా చేతిలోనే ఉంది.

సమాధి కార్యక్రమం మర్నాడు. చర్చి బోర్డు మీద పెట్టడానికి ఇంగ్లీషులో నోటీసు కావాలి. రూతమ్మ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆయన కుర్చీలో కూర్చోబెట్టింది. "ఆయన మిషన్ మీదనే కొట్టు రోహిణీ" అంది. వార్త విని పక్కీరమ్మ అప్పటికే వచ్చి మెట్టు మీద కూర్చుని ఉంది. మా బావగారి జీపు బయట ఆగింది. హారన్ కొట్టలేదు. దిగి వచ్చి, చెప్పులు విడిచి ఒక పక్కన నిలబడ్డాడు.

నేను కీబోర్డు మీద చెయ్యి పెట్టానో లేదో, సంచీ తగిలించుకున్న ఒకాయన గుమ్మంలోకి వచ్చాడు. "ప్రింటర్ రిపేరు చేసే గిద్యోనయ్య అంగడి ఇదేనామ్మా? మా ఆఫీసులో ప్రింటర్ మళ్ళా నిలబడింది."

పక్కీరమ్మ లేచి నిలబడింది. "ఈయప్పనే తల్లీ! ఆ గని గుమాస్తా!"

వెంకట్రావు ఆయన పేరు. సంగతి చెప్పగానే గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. ఆయనే చెప్పుకొచ్చాడు.

"ఒగ పొద్దు వచ్చినాడమ్మా. ప్రింటర్ సరిచేస్తా, దుడ్డేం వద్దు, టీ పోస్తే చాలన్నాడు. చేసినాడు. అయినాంక నా కంప్యూటర్ ముందర కూచోని, దాంతో మాట్లాడబట్టినాడు. ఈయన రామసుబ్బా, తిమ్మప్ప కొడుకు, మనోడే, గుర్తు పెట్టుకో అని. పాపం తిక్కోడేమో అనుకొన్యా. రెండు దినాలకు ఈయమ్మ వచ్చింది. తెలీదని చూపించి పంపిద్దామని మళ్ళా పేరు కొట్టినా. గీత రాలేదు."

"అప్పుడు?" అన్నాను.

"ఏమనాలమ్మా? మిషన్ గూడ తెలుసంటాంటే, మనిషిని నేను తెలీదనేదా? నాకు తెలుసమ్మా రామసుబ్బా. దినామూ వానితో టీ తాగినోణ్ణి. గని ఆసామి చెప్పొద్దన్నాడు, నేను చెప్పలా. వాని సద్ది డబ్బా నా టేబుల్ కిందనే ఉన్నింది." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "మా ఆఫీసు ఒగటే కాదు. ఆ రోడ్డున ఉండే ఆఫీసులన్నిటికీ పోయేటోడు. యాడ ఎవర్ని లేడన్నారో, ఆడికి పోయి ప్రింటర్ బాగుచేసి, వాళ్ళ పేరు చెప్పి వచ్చేటోడు."

అప్పుడు తెలిసింది నాకు, గిద్యోనన్న కొన్న గని ఏమిటో. అన్నాళ్ళ దుమ్మూ ఎక్కడిదో. రూతమ్మ ఏడుస్తూనే నవ్వింది. "బస్సులో పోయి బస్సులో వస్తాండాడని చెప్పితిని కదా" అంది.

నోటీసు కొట్టడం మొదలుపెట్టాను. బళ్ళారి అని కొట్టాను, గీత లేదు. బ్రూస్‌పేట, గీత లేదు. రూతమ్మ, గీత లేదు. ఊరంతా తెలుసు దానికి, వల్లెవేసినట్టు. గిద్యోను అని కొట్టాను, అది ఎలాగూ తెలుసు. ఆయన ఇంటిపేరు గార్లదిన్నె. అది కొట్టాను.

ఎర్రగా, వంకరగా, గీత పాకింది.

ఊళ్ళో అందరి పేర్లూ చెప్పిన మనిషి తన పేరు చెప్పుకోలేదు. పైగా ఆ మాయదారి మిషన్ నాకు గార్లిక్, అంటే వెల్లుల్లిపాయ, అని సలహా కూడా ఇచ్చింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే భోరున ఏడుపొచ్చింది. నవ్వూ ఏడుపూ ఆగాక చూస్తే అందరూ తెరవైపే చూస్తున్నారు.

"వదిలెయ్ రోహిణీ. కాగితం మీద పడదు కదా" అంది రూతమ్మ మెల్లగా.

"ఊరుకో అక్కా. చూస్తాండాడు కదా" అన్నాను.

నిటారుగా కూర్చున్నాను. "వాళ్ళ నాయన పేరేందక్కా?"

"ఏలియా."

ఏ మాటల్ని ఎగతాళి చేస్తూ వచ్చానో ఆ మాటలే నా నోట వచ్చాయి. "ఈయన గార్లదిన్నె గిద్యోను. ఏలియా కొడుకు. రూతమ్మ భర్త. బ్రూస్‌పేట. మనోడే. గుర్తు పెట్టుకో." మౌస్ నొక్కాను. గీత పోయింది. నమ్మకం కోసం ఇంకోసారి కొట్టి చూశాను. రాలేదు.

పక్కీరమ్మ తెర దగ్గరికి వంగింది. "తెలుసన్నాదా తల్లీ?"

"తెలుసన్నాదమ్మా."

ఆమె తృప్తిగా తలూపి, వెంకట్రావువైపు తిరిగింది. "నీకు చెప్తాండా చూడప్పా. ఈడ తెలిస్తే ఆడ తెలీదు ఈటికి. మీ ఆఫీసులో గూడ చెప్పల్ల."

"బస్సు దిగంగానే చెప్తానమ్మా" అన్నాడు వెంకట్రావు. గిద్యోనన్న టేబుల్ మీది పెన్ను తీసుకుని గార్లదిన్నె అని అరచేతి మీద రాసుకున్నాడు.

"వాళ్ళ నాయన ఏలియా. అది మర్చిపోవద్దప్పా" అన్నాడు మా బావగారు.